కిటికీ వైపు సీటు

ఫిబ్రవరి 9

మామయ్య గారికి,

నేను మీ అక్క కూతురిని. ఉన్న ఒక్క మేనమామకి నేనెవరో చెప్పుకుని ఉత్తరం మొదలుపెట్టాల్సి వచ్చినందుకు నాకే నవ్వొస్తోంది. కానీ మీరు నన్ను చివరిసారి చూసినప్పుడు నాకు ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నాయి. ఇప్పుడు నేనే ఊళ్ళోవాళ్ళకి పళ్ళు చేసిపెడుతున్నాను. ఆస్పత్రి కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో, కట్టుడు పళ్ళు తయారుచేసే పని నాది. మైనం, ప్లాస్టరు, చిన్న డ్రిల్లు, పాటలు వినడానికి ఒక పాత ప్లేయరు. నాతో పాటు పనిచేసే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక ఆ గదిలో నేనూ, బల్ల మీద వరసగా పెట్టిన దవడలూ మిగిలాం.

అమ్మ పోయాక ఇల్లు కూడా అలాగే ఉంది. సాయంత్రం తాళం తీస్తూ "వచ్చేశానమ్మా" అనబోయి ఆగిపోతున్నాను. వంట ఒక్కదాని కోసం చేసుకోవడం ఇంకా చేతకాలేదు, ఎప్పుడూ ఇద్దరికి సరిపడా అయిపోతుంది.

ఇక అసలు సంగతి. మా వీధి చివర పాత రికార్డులు అమ్మే కొట్టు ఒకటుంది. ఆ కొట్టాయన్ని అందరూ గడ్డం అంటారు. ఛాతీ మీదికి దిగిన గడ్డం. ఈ మధ్య కింది వరస పళ్ళు కట్టించుకోవడానికి వచ్చాడు. నోట్లో మైనం ఉండగానే మాట్లాడే మనిషి. మాటల్లో మీ బ్యాండు పేరు వచ్చింది. "అందులో డ్రమ్స్ వాయించింది మా మేనమామ" అన్నాను. మైనం తీసి చేత్తో పట్టుకుని, "మరి ఆయన తర్వాత చేసిన నాలుగు ఆల్బమ్‌లూ విన్నావా?" అన్నాడు.

నాకు తెలిసింది బ్యాండు ఒక్కటే. ప్రోగ్రెసివ్ రాక్ అనేవారు, ఒక్కో పాట మా స్కూల్లో ఒక పీరియడంత ఉండేది. మా మామయ్యే అని క్లాసులో గొప్పలు పోయేదాన్ని. ఆ తర్వాత మీరు జాజ్ ఫ్యూజన్ వైపు వెళ్ళారనీ, పాడేవాళ్ళు లేకుండా ముగ్గురే కూర్చుని అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయేవారనీ గడ్డం చెబితే తెలిసింది. మొదటి ఆల్బమ్ "అద్దె ఇల్లు" ఇచ్చి పంపాడు.

విన్నాను. అర్థమైందని చెప్పను. కానీ బ్యాండులో ఉన్నప్పటి మీరు కాదు. ఇందులో మీరు వాయించడం కంటే పక్కవాళ్ళని వినడమే ఎక్కువ చేస్తున్నట్టనిపించింది. ఆ బ్యాండు ఎందుకు వదిలేశారు? ఎవరినైనా అడుగుదామంటే మన ఇంట్లో ఇక మీరూ నేనే ఉన్నాం.

రెండుసార్లు ఫోన్ చేశాను. "ఎవరు?" అన్నారు, నేను చెబుతుండగానే పెట్టేశారు. అందుకే ఈ ఉత్తరం.

మీ మేనకోడలు


ఫిబ్రవరి 20

గోళీకి,

గారూ, మీరూ ఏమిటి? గోళీ మింగేశావని అందరూ గోల పెడితే నిన్ను తలకిందులుగా పట్టుకుని ఊపిన మామయ్యని నేను. ఆ గోళీ తర్వాత నా కోటు జేబులోనే దొరికింది. నువ్వు అని రాయి. లేకపోతే ఈసారి ఉత్తరం విప్పను.

ఫోన్ చెయ్యకు. నాకూ ఫోనుకీ పడదు. ఉత్తరం రాస్తే ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు.

నేను రేవు దగ్గర ఒక షెడ్డులో పడవల మీద కప్పే టార్పాలిన్లు కుడుతున్నాను. పెద్ద మిషన్లు. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, అందరం చేతి సైగలతోనే కానిచ్చేస్తాం. దారం కావాలంటే వేలు చుట్టి చూపిస్తే చాలు. నాకు అక్కడ హాయిగా ఉంటుంది.

బ్యాండు ఎందుకు వదిలానన్నావు. ఆ పాటల్లో ప్రతి దెబ్బా ముందే రాసిపెట్టి ఉండేది. ఏడు, ఏడు, తొమ్మిది, ఐదు, మళ్ళీ ఏడు. జనం దాన్నే చూసి ముక్కున వేలేసుకునేవారు. ఒకరోజు నిండు సభలో వాయిస్తూ, బయల్దేరే ముందు ఇంట్లో కుళాయి కట్టేశానా లేదా అని ఆలోచిస్తున్నాను. పాట అయ్యేదాకా అదే ఆలోచన. చెయ్యి ఎక్కడా తప్పలేదు, చప్పట్లు కొట్టారు. నేను లేకపోయినా నా చేతులు వాయించేస్తాయని తెలిశాక ఇంకక్కడ నాకేం పని?

బేస్ గిటార్ వాయించే నా స్నేహితుడొకడు ఉండేవాడు, పొడుగు అని పిలిచేవాళ్ళం. గుమ్మాల దగ్గర తల వంచడం మరిచిపోయి నుదురంతా బొప్పి కట్టించుకునేవాడు. వాడి అద్దె ఇంట్లో వంటింటి పక్క గదిలో వాయించుకునేవాళ్ళం. నేను కొడుతుంటే అరల మీద గిన్నెలన్నీ మోగేవి. కీబోర్డువాడు ఆ గిన్నెల మోత పట్టుకుని ఏదో వాయించేవాడు, దాన్ని పట్టుకుని పొడుగు, వాణ్ణి పట్టుకుని నేను. తర్వాత ఏం వస్తుందో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. అదే నువ్వు విన్నది.

అక్క గురించి రాద్దామనే ఈ కాగితం తీశాను. రాయలేకపోయాను. ఇంకోసారి.

మామయ్య


మార్చి 6

మామయ్యకి,

సరే, నువ్వు. రాస్తుంటే కొత్తగా ఉంది, అలవాటవుతుందిలే.

రెండో ఆల్బమ్ "తడి మెట్లు" తెచ్చుకున్నాను. నీ వల్ల ఒక పెద్దాయన కోరపన్ను పాడైంది, తెలుసా? మూడో పాటలో తాళం ఉన్నట్టుండి ఒక మెట్టు జారినట్టు జారుతుంది చూడు, అక్కడ నా చెయ్యి కూడా జారింది, డ్రిల్లు కోరలోకి దిగిపోయింది. మళ్ళీ మొదటినుంచి చేశాను. ఇక నుంచి నిన్ను ప్లాస్టరు కలిపేటప్పుడే వింటాను. ఆ పనికి నీ వాయింపు దివ్యంగా సరిపోతుంది.

గడ్డం దీన్ని గొప్పగా ఏదేదో అంటాడు. నాకు తోచింది చెబుతాను, నవ్వకు. బ్యాండులో నువ్వు తలుపులు బాదుతున్నట్టుండేది. ఇందులో మెల్లగా తట్టి, లోపలినుంచి ఎవరైనా పలుకుతారేమోనని ఆగుతున్నావు. పలికినప్పుడు నాకే సంతోషం వేస్తోంది. ఆ పలికేది పొడుగేనా? ఇప్పుడెక్కడున్నాడు?

ఇంకొక్క మాట. ఇది మనసులో పెట్టుకుని పాటల గురించి రాస్తూ పోవడం నావల్ల కావడం లేదు. అమ్మ పోయిన రోజు నాకు చేతులూ కాళ్ళూ ఆడక పక్కింటి టీచరమ్మ నీకు ఫోన్ చేసింది. "మీ అక్కగారు పోయారండీ" అని చెబితే "మాకేం వద్దండీ" అని పెట్టేశావట. ఆవిడ ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటుంది. నేను మాత్రం ఆమె సరిగ్గా వినలేదేమో అనుకుంటూ వచ్చాను. నువ్వు నిజంగా ఆ మాట అన్నావా? ఎందుకు రాలేదు?

ఉన్నదేదో రాసెయ్యి.

నీ మేనకోడలు


మార్చి 15

గోళీకి,

పలికింది పొడుగే. మూడేళ్ళ కిందట గుండె ఆగి పోయాడు.

అన్నానేమో. రాలేదు. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

మూడోదీ నాలుగోదీ వినకు. నేను చెయ్యాలనుకున్నదంతా మొదటి రెండింటిలోనే ఉంది, తర్వాతవి వదిలెయ్యి. గడ్డం ఇచ్చినా తీసుకోకు.

ఎండలు మొదలయ్యాయి. ఆ కిటికీ లేని గదిలో మంచినీళ్ళు దగ్గర పెట్టుకో.

మామయ్య


మార్చి 24

మామయ్య గారికి,

అన్నారేమో. రాలేదు. చాలా బాగుంది.

అమ్మ మీ గురించి ఏమనేదో చెప్పనా? "వాడు గొప్పవాడైపోయాడే, మనతో మాట్లాడటానికి వాడికి తీరిక లేదు" అనేది. ఏటా మీ పుట్టినరోజుకి ఫోన్ చేసేది. నాలుగు మాటలు మాట్లాడేసరికి మీరు "సరే సరే" అని పెట్టేసేవారు. ఫోన్ చేతిలో పట్టుకుని కాసేపు అలాగే కూర్చునేది. నేను మీ తరఫున వాదించేదాన్ని.

మంచినీళ్ళు దగ్గరే ఉన్నాయి.

మీ మేనకోడలు


ఏప్రిల్ 5

మామయ్యకి,

కోపంలో రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. వస్తుందనీ అనుకోలేదు. ఇంక కోపం పెట్టుకుని ఎవరితో మాట్లాడను చెప్పు.

వినకన్నవి రెండూ విన్నాను. వినకు అన్నాక వినకుండా ఎవరుంటారు?

మూడోది, "చేతి గడియారం", కొంచెం కష్టపెట్టింది. నీ సింబల్స్, ఆ ఇత్తడి పళ్ళేలు, ఎప్పుడూ లేనంత గట్టిగా మోగుతున్నాయి. చెవుల్లో ఎండ కొట్టినట్టుంది. గడ్డం దాచుకున్న పాత పత్రికలో మాత్రం ఇంత తెగువ ఇంకెవరికీ లేదని రాశారు. వాళ్ళకి తెలిసే ఉంటుంది.

నాలుగోదాని గురించి రాయడానికే ఈ ఉత్తరం. "కిటికీ వైపు సీటు". ఆ ఆఖరి పాట ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. ముగ్గురూ బాగా కలిసి సాగుతారు, తర్వాత కీబోర్డు ఆగుతుంది, బేస్ ఆగుతుంది. నువ్వొక్కడివే మిగులుతావు. కానీ ఒంటరిగా వాయిస్తున్నవాడిలా వాయించవు మామయ్యా. కొంచెం కొట్టి చోటు వదులుతావు. ఎవరో ఆ చోటులో ఏదో అంటే విని తల ఊపినట్టు ఆగి, దానికి జవాబు చెబుతావు. మళ్ళీ తగ్గి, మళ్ళీ వింటావు. అక్కడ లేని మనిషితో అంత మర్యాదగా, అంత ప్రేమగా ఎలా వాయించావు?

నేను దాన్ని అమ్మ గదిలో కూర్చుని వింటున్నాను. నువ్వు చోటు వదిలినప్పుడల్లా అమ్మ ఏదో అంటున్నట్టుంటుంది. ఇంట్లో నాతో ఎవరైనా మాట్లాడుతున్నారంటే అంతే.

గడ్డం ఈ నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం కొట్లో నీ నాలుగు ఆల్బమ్‌లూ వినిపిస్తాడట. వాయించడం నేర్చుకునేవాళ్ళు, పాత అభిమానులు ఓ ఇరవైమంది దాకా వస్తారు. నిన్ను రమ్మని నా చేత బతిమాలిస్తున్నాడు. నేనైతే ఆల్బమ్‌ల కోసం అడగడం లేదు. రా మామయ్యా.

నీ గోళీ


ఏప్రిల్ 12

గోళీకి,

ఆ చివరి పాట గురించి నీకెవరైనా ఏదైనా చెప్పారా? కీబోర్డువాడు గానీ రాశాడా? ఏదో తెలిసి, తెలియనట్టు రాస్తున్నావేమోనని నీ ఉత్తరం అటూ ఇటూ తిప్పి చదివాను. అలాంటిది చేసే పిల్లవి కాదని నాకు నేనే చెప్పుకున్నాను.

నలుగురిలో కూర్చుని నా సంగతులు చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. రానని రాసి కవరు కూడా అతికించాను. మళ్ళీ విప్పాను.

ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరని రాశావు కదా. వస్తాను. నీ కోసం, ఆ ఇరవైమంది కోసం కాదు. ఎక్కువసేపు ఉండను.

మామయ్య


ఏప్రిల్ 30

మామయ్య గారికి,

చెప్పకుండా వెళ్ళిపోయారు. టీ తాగి వస్తానన్నారు. టీ కొట్టు, బస్టాపు, వీధి మొత్తం వెతికాను. చివరికి స్టేషన్‌కి వెళితే బండి వెళ్ళిపోయిందన్నారు.

ఏం జరిగిందో మీకు మళ్ళీ నేను చెప్పాలా? గడ్డం పాపం కొత్త చొక్కా వేసుకున్నాడు. మిమ్మల్ని మంచి కుర్చీలో కూర్చోబెట్టి, "ఆ ఆఖరి పాటలో ఒక్కరే మిగిలినప్పుడు ఏమనుకుంటూ వాయించారు?" అని అడిగాడు. "చెక్కదే మంచిది, ఇనుముది తుప్పు పడుతుంది" అన్నారు మీరు. అందరూ నవ్వారు. మీరూ నవ్వారు. ఇంకెవరో పొడుగు గురించి అడిగితే "ఉదయం బండికే వచ్చాను" అన్నారు. ఈసారి కడుపుబ్బ నవ్వారు, గొప్ప హాస్యం అనుకుని. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మీ పాటల కోసం పనులు మానుకుని వచ్చినవాళ్ళు వాళ్ళు. ఇష్టం లేకపోతే రాకపోవాల్సింది. వచ్చి వెక్కిరించడం దేనికి?

ఆఖరి పాట పెట్టినప్పుడు నేను మీ మొహమే చూస్తున్నాను. కళ్ళు మూసుకుని తల ఊపుతున్నారు. పాట అయిపోయింది, అందరూ చప్పట్లు కొట్టడం కూడా అయిపోయింది, మీరింకా తల ఊపుతూనే ఉన్నారు. అదీ వేళాకోళమేనా?

వాళ్ళ సంగతి పోనివ్వండి. పొద్దున మా ఇంట్లో టీ పెడుతూ అమ్మ ఆఖరి రోజుల గురించి అంతా చెప్పాను. ఎవరికీ చెప్పనివి. ఆస్పత్రిలో మీ గురించి ఏమడిగిందో కూడా చెప్పాను. గ్లాసులు పట్టుకుని వెనక్కి తిరిగితే మీరు వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. "పంచదార తక్కువ వెయ్యి" అన్నారు. అంతే.

ఇంక రాయను. గడ్డానికి మీరు క్షమాపణ చెప్పనక్కర్లేదు, నేను చెప్పాను.

మీ అక్క కూతురు


మే 20

గోళీకి,

నేను ఎవరినీ వెక్కిరించలేదు. నాకు వినపడదు.

ఈ చిన్న మాట రాయడానికి నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఇవాళ్టి దాకా పట్టింది. రాసేశాను కాబట్టి మిగతాది తేలిక.

మూడో ఆల్బమ్ నాటికే మొదలైంది. సన్నటి శబ్దాలు ముందు పోయాయి. సింబల్ కొడితే గోడ మీద దుప్పటి దులిపినట్టు వినపడేది, ఇంకా గట్టిగా కొట్టేవాణ్ణి. దాన్నే తెగువ అని రాశారు. నీకు మాత్రం చెవుల్లో ఎండ కొట్టినట్టుందన్నావు. చదివి నవ్వుకున్నాను. అందరిలోకీ నువ్వే సరిగ్గా విన్నావు.

తర్వాత మాటలు పోయాయి. ఇప్పుడు ఎదురుగా ఒక్క మనిషి నిదానంగా మాట్లాడితే పెదవులు చూసి పట్టుకుంటాను. గడ్డం మంచివాడే, కానీ ఆ గడ్డంలో పెదవులు ఎక్కడున్నాయో ఎవరు కనిపెట్టగలరు? కుర్చీ గురించి అడుగుతున్నాడనుకున్నాను. అందరూ నవ్వేసరికి బాగానే చెప్పాననుకుని నేనూ నవ్వాను. రెండోసారి నవ్వినప్పుడు నీ మొహం చూశాను. నువ్వు నవ్వడం లేదు. అప్పుడు లేచాను.

చెవిలో పెట్టుకునే మిషన్ కొన్నాను. పెట్టుకుంటే కుర్చీలు, గిన్నెలు, కాగితాలు అన్నీ ఊరేగింపుగా వస్తాయి, మాట ఒక్కటే రాదు. సొరుగులో పడేశాను.

ఫోన్‌లో ఎవరు మాట్లాడినా నాకు గరగర ఒక్కటే. టీచరమ్మ ఫోన్ చేసినప్పుడు ఏదో అమ్మడానికనుకున్నాను. పెద్దకర్మ కూడా అయిపోయాక, నువ్వు అచ్చు వేయించి పంపిన కార్డు చేరింది. షెడ్డులో మిషన్ దగ్గర నిలబడి చదివాను. పక్కవాడు ఏమైందని సైగ చేశాడు. దానికి నాకు సైగ తెలియలేదు.

అక్కకి ఎందుకు చెప్పలేదంటావు. చిన్నప్పుడు నేను డబ్బాలు బాదుతుంటే "నీ చెవులు పోతాయిరా" అని అరిచేది. తను చెప్పినట్టే అయిందని ఒప్పుకోబుద్ధి కాలేదు. వచ్చే ఏడాది చెబుదాం, వచ్చే ఏడాది చెబుదాం అనుకున్నాను. ఏటా తన గొంతు గరగరలా వచ్చేది, సరే సరే అనేవాణ్ణి. ఆల్బమ్‌కి ఆ పేరు కూడా తన కోసమే. బస్సులో కిటికీ పక్క సీటు ప్రతిసారీ నాకే వదిలేసేది.

ఇక ఆఖరి పాట. ఆ రోజు రికార్డింగు గది కిటికీలోంచి ఎండ సూటిగా మొహం మీద పడుతోంది. మామూలుగా పొడుగు భుజం చూసుకుని వాయించేవాణ్ణి, బేస్ నేలలోంచి కాస్త కాళ్ళకి తగిలేది. ఆ ఎండకి కళ్ళు మూసుకున్నాను. ఎంత బాగా కుదిరిందో చెప్పలేను గోళీ. ముగ్గురం ఎప్పుడూ అంత దగ్గరగా వాయించలేదు. పొడుగు వెనక్కి తగ్గితే నేనూ తగ్గాను, కీబోర్డుకి చోటిచ్చాను, వాడు అందుకున్నాడు. కళ్ళు తెరిచాను. కీబోర్డువాడు లేచి నిలబడి ఉన్నాడు. బేస్ గోడకి ఆనించి ఉంది. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. అనుకున్న చోట పాట ముగించి వాళ్ళు ఎప్పుడో ఆపేశారు.

పొడుగు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను కర్రలు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చేశాను, మళ్ళీ ఎక్కడా వాయించలేదు. వాళ్ళు దాన్ని కొయ్యకుండా అలాగే ఆల్బమ్‌లో పెట్టారు. నేనది ఎప్పుడూ వినలేదు. వినడానికి అప్పటికే ఏమీ మిగల్లేదు.

నేను ఎవరికో చోటు వదులుతున్నట్టుందని రాశావు. వదిలాను. వాళ్ళు ఉన్నారనుకుని వదిలాను.

ఒక సాయం చెయ్యి. నేలలోంచి ఏదో తగులుతూనే ఉందని నాకు గుర్తు. పొడుగు కొంతసేపైనా ఆపకుండా, మెల్లగానైనా, నాతో ఉన్నాడేమో. అడుగుదామంటే వాడు లేడు. ఒకసారి బాగా విని చెప్పు. జాలిపడి మాత్రం చెప్పకు.

పొద్దున టీ పెడుతూ అక్క గురించి చెప్పావా? నాకు నీ వీపు ఒక్కటే కనపడింది.

మామయ్య


జూన్ 1

మామయ్యకి,

ఉత్తరం చదివి ముందు పక్కింటికి వెళ్ళి టీచరమ్మకి చెప్పాను. "అయ్యో, నేనెన్ని మాటలనుకున్నాను" అని ఆవిడ ఏడ్చింది. నేను అన్న మాటల గురించి ఏం రాయాలో తెలియక ఇన్నాళ్ళు ఆగాను. ఇప్పటికీ తెలియలేదు.

గడ్డానికి నీ అనుమతి లేకుండా చెప్పేశాను, తిట్టుకో. కొట్టు మూసి, ఉన్నవాటిలో మంచి స్పీకర్లు నాకు పెట్టి, తను బయట అరుగు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నమంతా విన్నాను. బేస్ ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచి మళ్ళీ మళ్ళీ పెట్టుకున్నాను. స్పీకరుకి చెవి ఆనించాను. గడ్డాన్ని పిలిచి వినమన్నాను.

లేదు మామయ్యా. పొడుగు లేడు. ఎవరూ లేరు. నీ కాళ్ళకి తగిలింది నీ కాలి కింది డ్రమ్మే అయ్యుంటుంది.

ఉందని రాసెయ్యాలని ఎంత అనిపించిందో నీకు తెలియదు. నాకు ఇంకెవరున్నారని నిన్ను బాధపెట్టుకోను? కానీ నా పని అలాంటిది. సరిపోని పళ్ళని సరిపోయాయని చెప్పి పంపిస్తే, ఆ మనిషి ఇంటికెళ్ళి మొదటి ముద్దకే తెలుసుకుంటాడు. జాలిపడొద్దన్నావు, పడలేదు.

విన్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. మాకందరికీ దొరికింది ఆ పాటలో సగమే. నువ్వు చోటు వదిలినప్పుడు నీకు బేస్ వినపడింది కదా, కీబోర్డు అందుకుంది కదా. వాళ్ళు ఏం వాయించారు? పత్రికలవాళ్ళకి తెలియదు, గడ్డానికి తెలియదు, ఆ ఇద్దరికీ తెలియదు. నీకొక్కడికే తెలుసు. నాకు చెప్పవా?

అమ్మ సంగతి ఉత్తరంలో రాయను. ఎదురుగా కూర్చుని, నువ్వు నా పెదవులు చూస్తుండగా చెబుతాను. ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు.

గోళీ


జూన్ 10

గోళీకి,

నిజం చెప్పావు. చదివాక ఆ రోజు పనికి వెళ్ళలేదు. రేవు గట్టు మీద కూర్చున్నాను. ఎక్కడో లోపల నాకు తెలిసే ఉంటుంది, అయినా ఇన్నేళ్ళూ వాణ్ణి అక్కడే ఉంచుకున్నాను. ఇప్పుడు ఆ గదిలోంచి వాణ్ణి బయటికి పంపించి రావాల్సి వచ్చింది. మర్నాడు షెడ్డుకి వెళ్ళాను. టార్పాలిన్లు కుట్టాను.

బేస్ ఏం వాయించిందని అడిగావు. ఈ మాట ఇంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు, ఎవరికి తెలుసు గనక అడగడానికి. రాయడానికి ప్రయత్నిస్తాను. మొదట ఒకటే స్వరం. చీకట్లో మెట్టు ఎక్కడుందోనని కాలు చాపి వెతికినట్టు ఉంటుంది. నేను తగ్గగానే అది రెండు మెట్లు దిగింది, ఆగింది, ఒకటి ఎక్కింది. కీబోర్డు దాని పక్కన పల్చగా, తడి బట్ట ఆరేసినట్టు. నేను ఏదన్నా అంటే పొడుగు తొందరపడకుండా, నన్ను పూర్తిగా అననిచ్చి, అప్పుడు బదులిచ్చాడు. అసలు వాడెప్పుడూ అలా వాయించేవాడు కాదు. నన్ను అననివ్వకుండానే నాలుగు మాటలు అడ్డం వేసే జబ్బు వాడికి. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.

కాగితం మీద ఇంతకంటే రాదు. నోటితో అంటాను, నువ్వు విను. ఇప్పుడు నా గొంతు ఏ శ్రుతిలో ఉంటుందో నాకు తెలియదు, ఊరి కుక్కలు లేచినా లేస్తాయి. నవ్వొస్తే దాచుకోకు, నీ మొహం చూస్తే ఎలాగూ తెలిసిపోతుంది. గడ్డం కూడా రావచ్చు, మూతి దగ్గర కాస్త కత్తిరించుకుంటేనే.

ముందు అక్క గురించి చెప్పు. ఆ తర్వాతే పాట.

శనివారం మధ్యాహ్నం బండికి వస్తున్నాను. కొన్నాళ్ళుంటాను, షెడ్డులో చెప్పాను. స్టేషన్లో జనం ఎక్కువగా ఉంటారు. నన్ను వెనకనుంచి పిలవకు. ముందుకొచ్చి నిలబడు.

మామయ్య